ఇవతలికి రాని గాట్లు

మార్చి 4, మంగళవారం

తలుపు వచ్చింది. జమ్మలమడుగు దగ్గర మా ఊరి నుంచి ట్రాక్టర్ మీద, గోనెపట్టల్లో చుట్టుకొని. శవాన్ని దించినట్టే దించారు. మోసినవాళ్ళు చెప్పులు విడిచి మరీ మోశారు. నా షెడ్డులో చెప్పులు విడవొద్దు, మేకులుంటాయి అని అరిచినా వినలేదు. ఒకడికి దిగింది. దిగినా తలుపు వదల్లేదు, రక్తంతోనే నడిచాడు. పొద్దుటూరులో ఇంకెవరి పని షెడ్డుకీ ఇంతమంది భక్తులు రారు.

అన్న ఫోను పులివెందుల నుంచి. "నిలబెట్టినారా, పండబెట్టినారా?"

"నిలబెట్టినాం."

"పండబెట్టొద్దు పాపా. నాయనుండాడు దాంట్లో."

నాయన పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. పగవాళ్ళు గొడ్డళ్ళతో ఈ తలుపు పగలగొట్టి, బాంబులేసి, లోపలికొచ్చి నరికారు. ఇది మా ఇంట్లో అన్నం కంటే ముందు పెట్టిన కథ.

కొత్త ఇంటి హాలు గోడకి ఈ తలుపుతో నేను చేసిన శిల్పం కావాలట అన్నకి. 26న నాయన సంవత్సరీకం, ఆ పొద్దే తెర తీయాలి. "హైదరాబాదులో పెట్టినావే, గోడలోంచి బయటికొచ్చేటిది, అట్లాంటిది చెయ్యి. కానీ అర్థమయ్యేటట్ల చెయ్యి."

మార్చి 5, బుధవారం

ఏమీ కాలేదు. తలుపు ముందు స్టూలు వేసుకోవడం, కూర్చోవడం, లేవడం, టీ.

మార్చి 7, శుక్రవారం

ఈరోజు ముట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఆడపిల్లలు ముట్టకూడదు. అది చిన్నాయన పెట్టిన పద్ధతి. ఏటా సంవత్సరీకం నాడు కొట్టంలో గోడకి ఆనించిన ఈ తలుపుకి అన్న కుంకుమ పూసేవాడు, ఒక్కో గాటులోకీ వేలు పెట్టి. తర్వాత పెద్ద బొక్కలోకి చెయ్యి దూర్చి, పగ తీరుస్తానని ప్రమాణం. చిన్నాయన పక్కన నిలబడి చెప్పించేవాడు. "గట్టిగా అను రా. మీ నాయనకు ఇనపడల్ల." అన్నకి మీసాలు కూడా రాలేదప్పుడు. గొంతు చీలిపోయేదాకా అరిచేవాడు. నేనూ అమ్మా పశువుల వెనక నిలబడి చూసేవాళ్ళం.

ఏటేటా పూసిన కుంకుమ గట్టిపడి పెచ్చు కట్టింది. ఉలితో లేపుతుంటే పలకలుగా ఊడుతోంది. చిన్నప్పుడు అది నాయన రక్తమే అనుకునేదాన్ని.

ఏం చేయాలో కొంచెం తెలుస్తోంది. తలుపు మధ్యలో. చుట్టూ నాపబండ పెళ్ళలు, భూమి చీలి లేచినట్టు. బొక్కల్లోంచి ప్లాస్టర్ చేతులు బయటికి. రాగిరేకు, కాలిన గోనె. అన్న ఆశపడే నాయన మీసం లేదు, సింహం లేదు. చూసినవాడు ఒక అడుగు వెనక్కి వేయాలి.

సాయంత్రం దాకా సమ్మెటతో బండలు పగలగొట్టాను. ఫ్రేము వెల్డింగ్ చేస్తున్న మస్తాన్ మామ మిషన్ ఆపి చూశాడు. రంజాన్ ఉపవాసం, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, అయినా ఊరుకోలేదు. "రాయి ఏం జేసింది మ్మా నిన్ను?"

చాలా హాయిగా ఉంది కొడుతుంటే. ఒప్పుకుంటున్నాను.

మార్చి 9, ఆదివారం

అన్న వచ్చాడు, చిన్నాయనతో. బయట రెండు బండ్లలో మనుషులు.

ఓబులేసు కువైట్ నుంచి తిరిగొచ్చాడట. జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర జ్యూసు అంగడి పెట్టాడట. నాయన పోయిన రోజు మా తలుపు ముందు గొడ్డలితో కనపడ్డది ఓబులేసు నాయనే. ఊరంతా చూసింది. అన్నకి ఇరవై నిండాక పెన్న దాటే దారిలో ఆయన్ని కాచి నరికాడు. సాక్ష్యం చెప్పేవాడు లేక కేసు కొట్టేశారు. ఓబులేసు ఊరు వదిలి పోయాడు.

"జ్యూసు అంగడి ఊరికే పెడ్తాడా?" చిన్నాయన. "బస్టాండులో కూర్చుంటే ఎవుడు యాడికి పోతాండేదీ కనపడతాది. మనోని కోసరమే వచ్చినాడు వాడు."

అన్న నా స్కెచ్ చూస్తూనే అన్నాడు, "సంవత్సరీకం కానీ చిన్నాయనా. నాయనకు దండ ఏసి పోతాం. వానికంటే మనమే ముందు." తర్వాత నా వైపు తిరిగి, "మీసం యాడ పాపా?"

మీసం గురించి ఏదో చెప్పాను.

మార్చి 10, సోమవారం

గ్రైండర్ ఎడమ చేతిని కోసింది. కుట్లు పడ్డాయి. తడి ప్లాస్టర్‌లో నా రక్తం కలిసి లేత గులాబీ రంగు తేలింది. కడగలేదు, అట్లాగే ఆరనిచ్చాను.

మార్చి 13, గురువారం

రాయాలి.

తలుపు వెనక ఇనుప ఫ్రేము బిగించాలంటే బోర్లించక తప్పదు. మస్తాన్ మామ, ఇంకో ఇద్దరు పట్టారు. రంపపుపొట్టు మూటల మీద నెమ్మదిగా. గోడకి ఆనించిన నాటి నుంచి ఈ వెనక పక్క ఎవరూ చూసి ఉండరు. బూజు, పేడ మరకలు, అడ్డపట్టీలు. బ్రష్‌తో తుడిచాను.

గాట్లు.

ముందు పక్క మేం కుంకుమ పూసేవి గాట్లు కావు. చీలికలు. పేళ్ళు బయటికి లేచి ఉంటాయి. గొడ్డలి దిగిన పక్క చెక్క నున్నగా తెగుతుంది, దూసుకెళ్ళిన పక్క పేళ్ళు లేస్తాయి. ఉలి పట్టిన మొదటి వారమే ఎవరికైనా తెలిసే సంగతి. నున్నని కోతలన్నీ వెనక పక్కన ఉన్నాయి. లోపలి పక్క. అడ్డపట్టీలున్న పక్క.

అవతలికి దిగిన గాట్లు కొన్నే. దిగనివి చాలా. సగం చెక్క దాకా వచ్చి ఆగినవి. ఒకేచోట మళ్ళీ మళ్ళీ కొట్టినవి. అవి ముందు పక్కకి రానే లేదు కాబట్టి మాకెవరికీ కనపడలేదు, కుంకుమా పడలేదు. కింది వైపు ఉన్నవి మరీ లోతు లేవు. కొట్టినవాడికి ఓపిక అయిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాడు.

లోపల ఉన్నది నాయన ఒక్కడే కదా.

ముందు పక్క మళ్ళీ చూశాను. బయటి నుంచి పడ్డ కోతలు ఒక్కచోటే ఉన్నాయి, గొళ్ళెం ఉండే చోట.

బ్రష్ పారేసి షెడ్డు గుమ్మంలో కూర్చున్నాను. మస్తాన్ మామ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. చెక్క వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. "నేనేం చూళ్ళేదు పాపా. ఉపవాసంలో ఉండా."

మార్చి 14, శుక్రవారం

ఆ రోజు బయట గొళ్ళెం పెట్టి ఉంది. ఎవరు పెట్టారు?

మార్చి 16, ఆదివారం

ఊరికి వెళ్ళాను. అమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. బస్సులో కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"మా, నాయన లోపలుండి తలుపు కొట్టినాడా?"

అమ్మ చెయ్యి ఆగలేదు. "తిప్పినావా?"

"ఆ."

"ఎవురూ తిప్పరనుకున్యా."

ఆ రోజు అమ్మ, అన్న, నేను వేములలో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాం. నాయనే పంపించాడు. ఇంట్లో నాటుబాంబులు చుట్టే పని పెట్టుకున్నాడు. ఆ పనికి ఊళ్ళలో ఒక పద్ధతి ఉందట. మనిషి లోపల, గొళ్ళెం బయట. చూసినవాళ్ళకు ఇంట్లో ఎవరూ లేరనిపించాలి. గొళ్ళెం పెట్టింది చిన్నాయన. అక్కడే కాపలా ఉండాల్సినవాడు, బాంబులు చుట్టే దారం అయిపోయిందని జమ్మలమడుగు వెళ్ళాడు.

"నిప్పు యాడ పడిందో. ముందు పొగంట. అరిసినాడంట. మూల్న గొడ్డలుంటే తీసుకోని కొట్టినాడు. మీ తాత చేపిచ్చిండే తలుపు అది. తెగలే."

"ఓబులేసు నాయన?"

"అరుపు ఇని పరిగెత్తుకోనొచ్చినాడు. పగోడే. అయినా వచ్చినాడు. ఆయప్ప గొళ్ళెం నరుకుతాండంగనే లోపలుండేటియన్నీ ఒక్కసారి పేలినాయి." అమ్మ గింజ తీసి పక్కన పెట్టింది. "శవాన్ని నేనే గదా కడిగింది. వీపు లేదు. ముందు పక్క గీత గూడ లేదు. గొడ్డలితో నరికిండే మనిషికి గీత ఉండదా? రెండు చేతులూ బొబ్బలు."

అరిచాను. ఆ మనిషిని అన్న చంపేదాకా నోరు మూసుకొని ఎట్లా ఉన్నావని.

"సొంత బాంబుకు సచ్చినాడంటే మొగం ఎత్తుకోని తిరగలేం అన్యాడు మీ చిన్నాయన. సరే, పిల్లోడు పెద్దయినాక చెప్తాం అనుకున్యా. చెప్పేలోపలే పోయి నరికొచ్చినాడు. నరికొచ్చినోనికి ఏం చెప్పల్ల? నువ్వు చెప్పు, ఏమని చెప్పల్ల?"

అమ్మను కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది. చేటను తన్నాను, వరండా అంతా చింతపండు. అమ్మ వంగి ఏరుకోవడం మొదలుపెట్టింది. కాసేపు చూసి నేనూ కూర్చుని ఏరాను.

మార్చి 17, సోమవారం

బొక్కల్లోంచి వచ్చే ప్లాస్టర్ చేతులన్నీ పగలగొట్టేశాను. పగవాళ్ళ చేతులనుకొని చేసినవి. మంచి పని, వారం పట్టిన పని. సుత్తి పట్టుకున్నాక ఆగలేదు. పాత బొమ్మ ఒకటి పక్కనే ఉంటే దానికీ తగిలింది.

అన్నకు ఫోను చేశాను. "సంవత్సరీకం పనుల్లో ఉండా, మీసం సంగతైతే చెప్పు" అన్నాడు. పెట్టేశాను.

మార్చి 19, బుధవారం

జమ్మలమడుగు. పాత బస్టాండు. ఎండకి జనం జ్యూసు అంగడి ముందు గుమిగూడి ఉన్నారు. ఓబులేసును చూడగానే గుర్తుపట్టాను, చిన్నప్పుడు దూరం నుంచి చూడటమే అయినా. నలభై దాటాయి. మెడలో తువ్వాలు. బత్తాయిలు కోస్తున్న కత్తి ఆపలేదు.

"ఎవరింటి బిడ్డవో తెలుసు నాకు. తాగుతావా?"

ఇచ్చాడు, తాగాను. విషం ఉండొచ్చని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. మా ఇంట్లో పెరిగినవాళ్ళకి అనిపించకుండా ఉండదు. జనం పలచబడ్డాక మెల్లగా చెప్పాను, తలుపు తిప్పానని. ఏం చూశానో చెప్పాను.

అప్పుడు ఆగింది కత్తి.

"నేనూ ఉంటి ఆడ. మా నాయన గొడ్డలి తీసుకోని పరిగెత్తుతాంటే ఎనకాల పోయినా. వాళ్ళు మనోళ్ళు కాదు నాయనా అంటి. 'అరుస్తాండాడు గదరా' అన్యాడు. అంతే అన్యాడు."

ఎవరికీ చెప్పలేదా అంటే నవ్వాడు. "చెప్పని చోటు లేదు. మా అమ్మ మీ చిన్నాయన కాళ్ళమీద పడి చెప్పింది. గొళ్ళెమే లేదన్యాడు. చూపించు అన్యాడు. యాడ చూపిస్తాం? మీ చిన్నాయనే పీకి బాయిలో ఏసినాడు గదా."

వెళ్ళిపో అన్నాను. కొన్నాళ్ళు కర్నూలో, హైదరాబాదో.

"ఇప్పుడే గదా వచ్చింది. ఇంగ పోను." కత్తి మళ్ళీ తీసుకున్నాడు. "కోపం లేదని చెప్పను. ఉంది. మీ అన్న ఈ రోడ్డుమీదనే పోతాంటాడు, చూస్తాంటా. చెయ్యి దురద పెడ్తాది. కానీ నేను జ్యూసు పిండుకోను వచ్చినా, అంతే. నమ్మితే నమ్ము."

నమ్మాను. దురద కూడా నమ్మాను.

మార్చి 20, గురువారం

చిన్నాయన వచ్చాడు, ఒక్కడే. అమ్మే చెప్పి ఉంటుంది, లేకపోతే బస్టాండులో ఎవరో చూసి ఉంటారు.

తలుపు నా పని బల్ల మీద బోర్లా ఉంది. నన్ను పలకరించకుండా నేరుగా దాని దగ్గరికి పోయి నిలబడ్డాడు. చెయ్యి పెట్టి చూడలేదు.

"ఆడపిల్ల ముట్టకూడదని చెప్పింది అందుకే."

నాకు ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ దేవుడి పద్ధతి అనుకున్నాం. కొంపకి ఆడవాళ్ళే గదా ఊడ్చేది, తుడిచేది, ఎప్పుడో ఒకప్పుడు వెనక పక్క దులుపుతారని భయం. సమ్మెట నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. అందుకున్నాను కూడా.

"ఏయ్ మ్మా," అన్నాడు. వెనక్కి తగ్గలేదు. "గొళ్ళెం నేను పెట్టింది కాపాడేదానికి. పోలీసులొచ్చినా, పగోళ్ళొచ్చినా, ఇల్లు ఖాళీ అని పోతారని. నేను రాంగనే ఓబులేసు నాయన గొడ్డలెత్తి నిలబడిండాడు. ఆ గొడ్డలి చూసినా. ఇంగేమీ కనపళ్ళే నాకు."

"తర్వాత కనపడింది గదా, గొళ్ళెం."

గోడకి ఆనించిన రాగిరేకును చేత్తో విరిచాడు. మందం రేకు, ముసలి చెయ్యి, అయినా విరిగింది. వేలి నుంచి రక్తం కారుతోంది. "ఓబులేసు ఉన్నన్నాళ్ళూ ఆ మాట బతికే ఉంటాది. వాడు పోతే పోతాది. నువ్వు బొమ్మలు చేసుకునే దానివి, రెండు చేతులూ బాగుండల్ల నీకు. ఒకటి ఇప్పుటికే కోసుకున్యావు."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర తడబడ్డాడు. పట్టుకోలేదు నేను. పడితే పడనీ అనుకున్నాను.

మార్చి 21, శుక్రవారం

ఫోనులో చెప్తే అన్న నమ్మడు. ముందు చిన్నాయనను అడుగుతాడు, చిన్నాయన నవ్వేస్తాడు. ఆడపిల్లకి పిచ్చి పట్టింది, బొమ్మలు చేసి చేసి. అయిపోతుంది.

అన్నకి చెప్పకూడదు. చూపించాలి. అన్నకి గొడ్డలి తెలుసు.

మార్చి 22, శనివారం

లోపలి పక్కే ముందుకి.

ఇంక ఆలోచన లేదు. నాపబండలు తీసేసి మళ్ళీ పేర్చాను, ఈసారి పెళ్ళలన్నీ తలుపు వైపు తిరిగి ఉండేట్టు, గది కుంచించుకుపోతున్నట్టు. కాలిన గోనె పైనుంచి దిగుతూ. తలుపు మీద ఒక్క చుక్క రంగు లేదు. సగం దిగిన గాట్ల మీద మాత్రం పక్కనుంచి సన్నటి లైటు. అవి ఎంత లోతో, ఎక్కడ ఆగాయో తెలియాలి. ఎర్రగా మండే కళ్ళతో రోజంతా చేశాను, ఏడుస్తూ చేశాను. నా జీవితంలో ఇంత బాగా వచ్చిన పని లేదు. అందుకు సిగ్గుగా ఉంది.

మస్తాన్ మామ గాట్ల దాకా వంగి చూశాడు. "ఇది మీ అన్నకు అర్థమయితాది మ్మా," అన్నాడు. "అదే నా భయం."

మార్చి 24, సోమవారం

ప్యాకింగ్. జ్వరం. చెయ్యి చీము పట్టింది.

మార్చి 25, మంగళవారం

పులివెందుల. హాలు గోడకి బోల్టులతో బిగించాం. బిగించేటప్పుడు ఎవరినీ లోపలికి రానివ్వలేదు, కళాకారుల చాదస్తం అని నవ్వుకొని పోయారు. పైన తెల్ల గుడ్డ. బయట షామియానా వేస్తున్నారు. పెరట్లో పొట్టేళ్ళు కట్టేసి ఉన్నాయి. వాటి అరుపులు హాల్లోకి వస్తున్నాయి.

ప్రాంగణంలో అన్న మనుషులు. ఒకడు జమ్మలమడుగు రోడ్డు గురించి, ఎక్కడ బండి ఆపాలో, మెల్లగా చెప్తున్నాడు. నన్ను చూసి ఆపాడు.

మార్చి 26, బుధవారం

డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో రాస్తున్నాను. కాసేపే.

పొద్దున్నే అన్నను హాల్లోకి తీసుకెళ్ళాను. జనం రాకముందు నువ్వొక్కడివే చూడాలి, నాయన కదా అన్నాను. సంతోషపడ్డాడు. స్నానం చేసి, కొత్త పంచె కట్టి, గిన్నెలో కుంకుమ కలుపుకొని వచ్చాడు. గుడ్డ తీశాను.

ముందు మీసం కోసం వెతికాడు. తర్వాత దగ్గరికొచ్చాడు. అలవాటుగా వేలు కుంకుమలో ముంచి గాటులో పెట్టాడు. వేలు సగంలో ఆగింది. అవతల ఏమీ లేదు, చెక్కే. పక్క గాటులో పెట్టాడు. అదీ ఆగింది. కిందికి, ఇంకా కిందికి, చివరికి నేలమీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. గొడ్డలి ఏ పక్క నుంచి పడితే ఎట్లా తెగుతుందో అన్నకి చెప్పక్కర్లేదు.

"ఇది లోపలి పక్కనా?"

"ఆ."

"గొళ్ళెం?"

చెప్పాను. అన్నీ చెప్పాను, బాంబులు, చిన్నాయన, అమ్మ కడిగిన వీపు. ఓబులేసు నాయన ఎందుకు పరిగెత్తాడో చెప్పాను. అన్న నన్ను కొడతాడనుకున్నాను. గోడ వైపే తిరిగి కూర్చున్నాడు. పంచె నిండా కుంకుమ.

"ఆయప్ప ఆ పొద్దు పెన్న దారిలో దండం పెట్టినాడు పాపా నాకు. గొళ్ళెం గొళ్ళెం అన్యాడు. ఏందో అనుకున్యా." వేలు మళ్ళీ గాటులో పెట్టాడు. "అయితే నేను ఎవున్ని నరికినట్ల?"

వీపు మీద చెయ్యి వేశాను. తోసేయలేదు.

లేచాడు. మొహం తుడుచుకున్నాడు. గొంతు మళ్ళీ ఎప్పటి గొంతే. "తిప్పి పెట్టు."

"అన్నా..."

"జనం వస్తాండారు. ముందు పక్క బయటికి పెట్టు. ఎప్పుడూ ఉండేటట్ల."

"మరి ఓబులేసు?"

"అది నన్నడగొద్దు." హాలు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నేను తట్టుకోలేను పాపా. తిప్పు." ఏడుస్తున్నాడు. బయటికి పోయి, షామియానా వాళ్ళ మీద అరవడం మొదలుపెట్టాడు.

మస్తాన్ మామ పానా నా చేతిలో పెట్టి, తను మాత్రం ముట్టనని చెప్పి కూర్చున్నాడు. నేను గుడ్డ మళ్ళీ కప్పి, పానాతో సహా మేడెక్కి వచ్చాను.

కింద కార్లు ఆగుతున్నాయి. చిన్నాయన దిగాడు, పెద్ద దండ పట్టుకొని. అన్న ఎదురెళ్ళి దండ అందుకున్నాడు, ఆయన మొహంలోకి చూడలేదు. చూడకపోవడం చిన్నాయన గమనించాడు. పొట్టేలును లాక్కొస్తున్నారు. జమ్మలమడుగు వెళ్ళాల్సిన బండి గేటు బయట స్టార్టు చేసే ఉంది, డ్రైవరు అన్న వైపు చూస్తున్నాడు. అన్న వెళ్ళమనలేదు. ఆపమని కూడా అనలేదు.

హాల్లో గుడ్డ కప్పే ఉంది. దాని కింద ఇంకా లోపలి పక్కే ఉందని అన్నకి తెలియదు. నేను తిప్పాననే అనుకుంటున్నాడు.

పిలుస్తున్నాడు. తెర నన్నే తీయమంటున్నాడు.